గొళ్ళెం పట్టు

రివాల్వర్ పట్టుకోవడం ఇరవై రెండేళ్ళు నేర్పాను. పిస్తోలు పట్టుకోవడం మాత్రం పదకొండు రోజులే నేర్పాను. ఇప్పుడు రాస్తున్నది ఆ పదకొండు రోజుల గురించీ, వాటి వెనకాల వచ్చినదాని గురించీ.

మా పోలీసుల్లో తుపాకీ కాల్చడం నేర్పే మైదానాన్ని చాంద్‌మారీ అంటారు. కాగితాల మీద ఫైరింగ్ రేంజ్ అని ఉంటుంది కానీ ఆ మాట ఎవరి నోటా రాదు. అక్కడ నేర్పేవాణ్ణి ఉస్తాద్ అంటారు. నేను ఉస్తాద్‌ని. ఎంతగా ఉస్తాద్‌నయిపోయానంటే, బ్యాంకులో నా అసలు పేరు పెట్టి పిలిస్తే పక్కవాడు లేస్తాడేమోనని చూసేవాణ్ణి.

నాది మొదటినుంచీ చెడ్డ కోపం. నేర్పడమంటే అరవడమనే అనుకున్నాను. మా ఇల్లు బహదూర్‌పురాలో, జూ గోడకు రెండు గల్లీల అవతల. తెల్లవారుజామున లోపల సింహం గర్జిస్తే మా గల్లీలోకి స్పష్టంగా వినిపిస్తుంది. "ఇగో, నీ తమ్ముడు లేసిండు, నువ్వూ లెవ్వు" అని మా ఆవిడ నన్ను నిద్రలేపేది. చాంద్‌మారీలో కొత్తగా చేరినవాళ్ళు తుపాకీ శబ్దానికంటే నా గొంతుకే ముందు ఉలిక్కిపడేవాళ్ళు. అది నాకు గర్వంగా ఉండేది.

పట్టు గురించి నేను చెప్పే పాఠం ఎప్పుడూ ఒకటే. కుడి చెయ్యి పిడిని పట్టుకుంటుంది, ఎడమ చెయ్యి కుడి చేతిని పట్టుకుంటుంది. కుడి చెయ్యి వీలైనంత పైకి ఉండాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే మెత్తటి భాగం పిడి వెనక భాగానికి సందు లేకుండా ఆనాలి. ఎడమ చేతి వేళ్ళు కుడి చేతి మూడు వేళ్ళనూ ముందునుంచి కప్పాలి. కొత్తవాళ్ళు బలమంతా కుడి చేతిలోనే పెడతారు. బిగుసుకుపోయిన చేతి చూపుడువేలు ట్రిగ్గర్‌ను మెత్తగా లాగలేదు, గుండు కిందికి కొట్టుకుపోతుంది. అందుకని బిగించే పని ఎడమ చేతిది, నొక్కే పని కుడి చేతిది. కాల్చాలని నిర్ణయించుకునేదాకా చూపుడువేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

ఇంతవరకూ నేను చెప్పింది అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. ఆ తర్వాతి మాటలోనే ఉంది తప్పు. ఎడమ బొటనవేలిని ఎత్తి, కుడి బొటనవేలి మీదుగా తుపాకీ వెనక్కి తెచ్చి, అడ్డంగా వెయ్యమనేవాణ్ణి. "తలుపుకు గొళ్ళెం ఏసినట్టు ఎయ్యాలె. గొళ్ళెం పడ్డదంటే చెయ్యి ఊగది" అనేవాణ్ణి. చాంద్‌మారీలో అందరూ దాన్ని గొళ్ళెం పట్టు అని పిలిచేవాళ్ళు. ఆ పేరు నేను పెట్టిందే.

రివాల్వర్‌కు అది నప్పింది. దానికి ముందువైపు తిరిగే డ్రమ్ము పక్కలనుంచి మంట చిమ్ముతుంది, అక్కడ వేలుంటే కాలుతుంది. వేలిని వెనక్కి తెచ్చి, గుండును పేల్చే వెనకవైపు సుత్తికి తగలకుండా కింద ముడుచుకుంటే ఏ బాధా లేదు. ఇరవై రెండేళ్ళలో ఎవరికీ గోరు కూడా గీసుకోలేదు.

నా ఎడమ బొటనవేలి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మా బాపు బేగంబజార్‌లో హమాలీ. గిన్నెల దుకాణాలకు బండి మీద సామాను చేరవేసేవాడు. పంతొమ్మిదో ఏట నేనూ ఆ బండికి చెయ్యి వేసేవాణ్ణి. ఒకరోజు తాడు తెగి ఇత్తడి గంగాళం ఒకటి జారి నా ఎడమ బొటనవేలి మీద పడింది. ఆస్పత్రికి పోలేదు. ఎముకలు సరిచేసే పహిల్వాన్ దగ్గరికి తీసుకెళితే ఆయన వెదురుబద్ద పెట్టి కట్టు కట్టాడు. నొప్పి పోయింది, వేలు మాత్రం వంగడం మానేసింది. కొస పైకి లేవదు, వెనక్కి వంగదు, గొళ్ళెం వేసినా కిందికి వాలి ఒక పుల్లలా పడి ఉంటుంది. పోలీసు సెలక్షన్‌లో డాక్టరు చేతులు చూపించమంటే, చూపించీ చూపించనట్టు చూపించి పిడికిలి బిగించేశాను. ఆ వేలు అట్లాంటిదని చాంద్‌మారీలో ఎవరికీ తెలియదు. నేనే మరిచిపోయాను.

తర్వాత మాకు పిస్తోళ్ళు వచ్చాయి. పిస్తోలుకు పైన స్లైడ్ అని పొడవాటి ఇనుప తొడుగు ఉంటుంది. పేలిన ప్రతిసారీ అది వేగంగా వెనక్కి వచ్చి, ఖాళీ గుల్లను బయటికి విసిరి, మళ్ళీ ముందుకు పోతుంది. అది నేర్పడానికి మూడు రోజుల కోర్సు పెట్టి ఒక కుర్ర ఉస్తాద్‌ని పంపారు. ముప్ఫై ఏళ్ళుంటాయి. గొంతెత్తకుండా మాట్లాడతాడు. నాకు అదే నచ్చలేదు.

"రెండు బొటనవేళ్ళూ ఎడమ పక్కన, ఒకదాని కింద ఒకటి, ముందుకు చూస్తూ ఉండాలి. వెనకాల ఏదీ ఉండకూడదు. స్లైడ్ వచ్చి కొడుతుంది" అని చూపించాడు.

నేను లేచాను. అందరి ముందూ పిస్తోలు తీసుకుని, నా గొళ్ళెం పట్టు పట్టి, పది రౌండ్లు కాల్చాను. పదీ నల్లచుక్క చుట్టూ పడ్డాయి. ఎడమ చెయ్యెత్తి అతని ముఖం ముందు ఆడించాను.

"చూడు తమ్మీ. యాడ కొట్టింది నీ స్లైడ్? గీతన్న ఉన్నదా?"

అతను నా చేతిని చూశాడు. ఏదో అడగబోయి, పెద్దవాణ్ణని ఊరుకున్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఆ మధ్యాహ్నం నేను కోర్సు హాజరుపట్టీలో సంతకం పెట్టి, వెనక బెంచీలో కూర్చుని కునుకు తీశాను.

ఆ వెంటనే వచ్చిన బ్యాచ్ పన్నెండు మంది ఆడపిల్లలు. అందరూ కానిస్టేబుళ్ళే, ప్రొబేషన్‌లో ఉన్నారు. అందులో ఒక అమ్మాయిది ధూల్‌పేట్. వాళ్ళ నాన్న వినాయక విగ్రహాలు చేస్తాడు. వాళ్ళ గల్లీలో ఖాకీ వేసుకున్న మొదటి ఆడపిల్ల ఆమే. పొద్దున పరేడ్‌కు వచ్చేముందు ఇంట్లో మట్టి పిసికి వచ్చేదేమో, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఎర్రటి చార ఉండేది. నేను దాని గురించి అరిచేవాణ్ణి. మరునాడు గోళ్ళు తళతళలాడేవి. ఆ మరునాడు మళ్ళీ మట్టి.

ఎనిమిదో రోజు ఖాళీ పిస్తోళ్ళతో పట్టు పట్టించాను. వరసలో నడుస్తూ ఒక్కొక్కరి చేతులూ చూస్తూ వచ్చాను. ధూల్‌పేట్ అమ్మాయి దగ్గర ఆగాను. ఆమె రెండు బొటనవేళ్ళూ పక్కపక్కనే ముందుకు చాచి పెట్టుకుంది. కోర్సులో ఆ కుర్రవాడు చూపించినట్టే ఉంది. అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

"గొళ్ళెం ఏది?" అన్నాను.

"గిట్ల పెడితే చెయ్యి మంచిగ కుదురుతున్నది ఉస్తాద్" అంది.

నా కోపం సంగతి చెప్పాను కదా. కుదరడం, కుదరకపోవడం నేను చెబుతాను, నువ్వు కాదని అరిచాను. అరిచి ఊరుకోలేదు. నా చేత్తో ఆమె ఎడమ బొటనవేలు పట్టుకుని, ఎత్తి, వెనక్కి తెచ్చి, స్లైడ్ వెనకాల అడ్డంగా పెట్టాను. ఆ వేలు వింతగా వెనక్కి వంగింది, కొస పైకి లేచి నిలబడింది.

"నీ వేలేందమ్మా, మైనమా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత ఆమె వేలు నేను పెట్టినచోటునుంచి జరగలేదు. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల.

పదకొండో రోజు గుండ్లతో కాల్పించాను. ఆయుధాలు కొత్తవి కాబట్టి ఒక్కొక్కరినే పిలిచాను, మనిషికి పది రౌండ్లు. నేను వెనకాల నిలబడి చెవితో లెక్కపెడతాను. శబ్దానికీ శబ్దానికీ మధ్య ఎడం వింటే చాలు, చెయ్యి బెదిరిందో లేదో నాకు తెలిసిపోతుంది. ఆరుగురు కాల్చి వెళ్ళారు. ఏడో పేరు ఆమెది.

ఒకటి. రెండు. మూడు. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

ఆమె కదల్లేదు. పిస్తోలు ముందుకే ఉంది, చూపుడువేలు ట్రిగ్గర్ బయటికి వచ్చి చక్కగా చాపి ఉంది. స్లైడ్ సగంలో ఆగిపోయింది. "ఉస్తాద్, ఆగిపోయింది" అంది. పిస్తోలు గురించి చెప్పింది. నేర్పినట్టే దాన్ని బల్ల మీద, మూతి టార్గెట్ వైపు ఉండేలా పెట్టింది. అప్పుడు తన చెయ్యి చూసుకుంది. బొటనవేలి కణుపు మీద చర్మం చీలి లోపలి తెలుపు కనిపిస్తోంది. రక్తం మోచేతిదాకా కారింది. నేను రుమాలు తీసి చుడుతుంటే ఆమె చేతులు వణకలేదు.

ఆస్పత్రిలో కుట్లు వేశారు. వేలిని కదిపే నరం కోసుకుపోయింది, కానీ పూర్తిగా తెగలేదన్నారు. వేలు మునుపటిలా వంగుతుందో లేదో మూడు నాలుగు వారాలు పోతే గానీ చెప్పలేమన్నారు. సాయంత్రానికి మా ఆఫీసర్ వచ్చాడు. మంచం పక్కన నిలబడి ఎట్లా జరిగిందని అడిగాడు. నేను ఆమె కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. "ఉస్తాద్ చెప్పినట్టు పట్టలే సార్. నాదే తప్పు" అంది.

ఇరవై రెండేళ్ళుగా చాంద్‌మారీ అదిరేలా అరిచిన నోరు నాది. ఆ పూట ఒక్క మాట పలకలేదు. ఇప్పుడు ఎన్ని సాకులైనా చెప్పగలను, అదిరిపోయానని, మాట రాలేదని. నిజం అది కాదు. ఆమె అట్లా అనగానే నాకు హాయిగా అనిపించింది. అందుకే ఊరుకున్నాను.

మరునాడు ఆఫీసర్ నన్ను పిలిచి ఒక టైపు కాగితం ముందు పెట్టాడు. ఉస్తాద్ స్పష్టంగా నేర్పాడు, మిగతా పదకొండు మందికీ ఏమీ కాలేదు, ఈమె అజాగ్రత్తగా ఆయుధం పట్టుకుని గాయపడింది అని ఉంది. కింద నా సంతకానికి జాగా ఉంది. మిగిలిన ఐదుగురూ కూడా, నన్ను పిలవకముందు ఆ ఉదయమే, నేను నేర్పిన గొళ్ళెం పట్టుతోనే కాల్చారు. నిజంగానే ఒక్కరికీ గీత పడలేదు. ఆమె మాటను ఆ పదకొండు చేతులు బలపరుస్తున్నాయి.

"ఆ పిల్ల సంగతి ఏమైతది సార్?" అన్నాను.

"ప్రొబేషన్‌ల ఆయుధం దగ్గర అజాగ్రత్త అంటే ఏమైతది, ఇంటికే. నీకెందుకు ఉస్తాద్? ఎనిమిది నెలలల్ల రిటైర్ అయితవ్. ఎల్లుండి లోపల సంతకం పెట్టియ్యి, ఫికర్ చెయ్యకు."

అతను చెడ్డవాడు కాడు. నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు. నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మా ఆవిడ చాయ్ ఇచ్చింది. తాగాను. కొంచెంసేపు నన్నే చూసి, "చాయ్‌ల చక్కెర ఎయ్యడం మర్చిన. నువ్వు లొల్లి చెయ్యలే. ఏమైంది?" అంది. జరిగింది చెప్పాను. ఆమె వేలిని నా చేత్తో పెట్టిన సంగతి కూడా చెప్పాను. అది నోటితో అనడం అదే మొదటిసారి.

ఆవిడ ఖాళీ కప్పు తీసుకుని పక్కన పెట్టింది. "ఆ పిల్ల ఇంటికి పొయ్యొచ్చినవా?" అని అడిగింది.

"పోలే."

"ముందుగాల గది చెయ్యి. సంతకం సంగతి ఆడికి పొయ్యొచ్చినంక చూడు."

మరునాడు మధ్యాహ్నం ఒక డజను అరటిపళ్ళు కొనుక్కుని ధూల్‌పేట్ వెళ్ళాను. ఇంకా రంగులు పడని విగ్రహాలు గల్లీ రెండు పక్కలా వరసగా ఆరుతున్నాయి. వాళ్ళ ఇంటి ముందు రేకుల షెడ్డు కింద ఆమె తండ్రి ఒక పెద్ద విగ్రహం తొండం మీద పని చేస్తున్నాడు. నేనెవరో చెప్పగానే దిగివచ్చి, స్టూలు జరిపి, భుజం మీది తువ్వాలుతో తుడిచి కూర్చోబెట్టాడు. చేతులు మట్టిగా ఉన్నాయని మోచేతులు జోడించి దండం పెట్టాడు.

"మీరు మంచిగ నేర్పబట్టి గింతల పోయింది సార్. చేతిల గంత నెత్తురు కారుతున్నా తుపాకి పక్కకు తిప్పలేదంట. లేకపోతె ఇంక ఎవరికేం తగులునో. మా బిడ్డ మీ గురించి మస్తు చెప్తది."

అరటిపళ్ళ సంచి ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళోనే పట్టుకుని కూర్చున్నాను. మట్టి ఆరిపోతుందని ఆయన అనుమతి అడిగి మళ్ళీ పనిలో పడ్డాడు. తొండం తలకు కలిసేచోట మడత సరిచేస్తున్నాడు. వేళ్ళు నీళ్ళలో ముంచి, రెండు బొటనవేళ్ళూ పక్కపక్కన ఆనించి ముందుకు నొక్కుకుంటూ పోయాడు. నొక్కినప్పుడల్లా ఆ వేళ్ళు కణుపు దగ్గర వెనక్కి వంగి కొసలు పైకి లేస్తున్నాయి.

నేను లేచి దగ్గరికి వెళ్ళాను.

"మీ వేలు గట్ల వంగుతదేందన్నా?"

ఆయన నవ్వాడు. "మా ఇంట్ల అందరికీ గంతే సార్. చిన్నప్పటిసంది మట్టి నొక్కీ నొక్కీ గిట్లయినయి. మా బిడ్డది నాకంటే ఎక్కువ వంగుతది. దాని వేలంత సాఫీగ మడత నాకే రాదు."

నా ఎడమ చెయ్యి చూసుకున్నాను. బేగంబజార్ గంగాళం కింద చచ్చిపోయిన వేలు కిందికి వాలి పడుంది. అది ఎన్నటికీ స్లైడ్ ఎత్తుకు లేవలేదు. అందుకే నన్ను కొట్టలేదు. మిగతా పిల్లల వేళ్ళు మామూలు వేళ్ళు, అదృష్టం కొద్దీ కొంచెం కిందే ఆగాయి. రేపో ఎల్లుండో వాళ్ళలోనూ ఎవరికో ఒకరికి తగిలేదే. ఈమె వేలు ఒక్కటే కొస ఎత్తి నిలబడింది, నేను ఎక్కడ పెట్టానో అక్కడే. ఒక కుంటి వేలికి పనికొచ్చిన పట్టును పన్నెండు మంది మంచి వేళ్ళ మీద రుద్దాను. ముందుకు చాచి పెట్టుకోవడం ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టినప్పటినుంచీ ఆమె వేళ్ళు చేస్తున్న పనే అది. దాన్ని నేను చెడగొట్టాను.

అప్పుడే ఆ అమ్మాయి లోపల్నుంచి వచ్చింది. కట్టు కట్టిన చేతిని ఛాతీకి ఆనించి పట్టుకుని ఉంది. నన్ను చూసి అలవాటుగా సావధాన్‌లో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆఫీసర్ ముందల గట్లెందుకు చెప్పినవ్ బిడ్డా?" అని అడిగాను.

ఆమె తలవంచుకుంది. "ఉస్తాద్ తప్పు అని నేర్చుకునే శాగిర్దు చెప్తడా? మా బాపు దగ్గర ఎంతమంది పని నేర్చుకున్నరు. విగ్రహం చెయ్యి ఇరిగితే మా చేతులనే ఇరిగింది అంటరు, బాపు మట్టి సరిగ్గ కలపలేదని ఒక్కరన్న అన్నరా? నేనొక్కదాన్నే అంటనా?"

"ఆ ఇరిగే చెయ్యి మట్టిది బిడ్డా" అన్నాను.

ఆమె తండ్రి పని ఆపాడు. "ఏం మాట సార్ గిది?" అన్నాడు.

చెప్పాను. ఈ అమ్మాయి సరిగ్గానే పట్టుకుంది. నేనే అరిచి, నా చేత్తో ఆమె వేలు పట్టుకుని, తగలకూడని చోట పెట్టాను. ఆమె అబద్ధం చెబుతుంటే ఆస్పత్రిలో పక్కనే నిలబడి విన్నాను. రేపు ఒక కాగితం మీద నేను సంతకం పెడితే ఆమె ఉద్యోగం పోతుంది. ఇదంతా వరసగా, తడబడకుండా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆయన తిట్టలేదు. బకెట్‌లో చేతులు కడుక్కున్నాడు. గోళ్ళు, వేళ్ళ సందులు, మోచేతులు అన్నీ నిదానంగా కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"గీ మాట నాకు చెప్పిండ్రు. ఆఫీస్‌ల చెప్తరా?" అన్నాడు. ఈసారి సార్ అనలేదు.

చెబుతానన్నాను. అరటిపళ్ళు స్టూలు మీద పెట్టి వచ్చేశాను.

మరునాడు ఆఫీసర్ ఇచ్చిన టైపు కాగితం తిరిగి ఇచ్చేశాను. దాని బదులు నా చేతిరాతతో ఒక పేజీ ఇచ్చాను. కోర్సులో సరైన పట్టు చెప్పారని, నేను వినలేదని, తప్పు పట్టు నేర్పానని, ఆమె వేలిని నేనే అక్కడ పెట్టానని రాశాను. నా ఎడమ బొటనవేలు పనిచెయ్యదని, ఆ సంగతి ఉద్యోగంలో చేరిననాటినుంచీ దాచానని కూడా రాశాను. అదొక్కటీ రాయకపోయినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. కానీ ఆ వాక్యం లేకపోతే మిగతా పదకొండు మందికి ఎందుకేమీ కాలేదన్న ప్రశ్న మిగిలిపోతుంది, అది తిరిగి ఆమె మెడకే చుట్టుకుంటుంది.

ఆఫీసర్ రెండుసార్లు చదివాడు. "నీకేమన్న దిమాక్ ఖరాబైందా ఉస్తాద్? ఆమె నాదే తప్పంటది, నువ్వు నాదే తప్పంటవు. నేనెవరి మాట రాయాలె?"

"నా చెయ్యి చూసి రాయుర్రి సార్" అని ఎడమ చెయ్యి అతని బల్ల మీద పెట్టాను. బొటనవేలు పైకి లేపమన్నాడు. అది లేవలేదు.

ఆమె మీద ఏ మాటా పడలేదు. నయమయ్యాక మళ్ళీ కాల్చే అవకాశం ఇచ్చారు. అందులో నెగ్గితే ప్రొబేషన్ పూర్తయినట్టే, నెగ్గకపోతే లేదు. నా సర్వీసు పుస్తకంలో ఒక మెమో చేరింది. నన్ను చాంద్‌మారీనుంచి తప్పించి కోత్‌లో పడేశారు. కోత్ అంటే ఆయుధాలు దాచే గది. కిటికీలోంచి తుపాకులు ఇవ్వడం, తీసుకోవడం, రిజిస్టర్‌లో రాసుకోవడం నా పని. నా జాగాలో ఆ కుర్ర ఉస్తాద్‌నే వేశారు.

చాంద్‌మారీ వదిలేముందు ఆ పదకొండు మంది అమ్మాయిలనూ నిలబెట్టి నేను నేర్పింది తప్పని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి ఏడ్చింది. ఆ తర్వాత నేను అరవడం మానేశాను. మానెయ్యాలని అనుకోలేదు, గొంతు పైకి లేవడం మానేసింది. చాయ్‌లో చక్కెర లేకపోతే లేచి వేసుకునేవాణ్ణి. మా ఆవిడకు అది నచ్చలేదు. "ఇల్లు గిట్ల మూగపోయిందేందయ్యా" అనేది.

ఒకరోజు పరేడ్ అయ్యాక ఆ కుర్ర ఉస్తాద్‌ని కోత్ వెనక్కి పిలిచి, నాకు సరైన పట్టు నేర్పమని అడిగాను. అతను కాసేపు ఇబ్బందిపడ్డాడు. తర్వాత చెక్క పిస్తోలు ఒకటి తెచ్చి ఓపిగ్గా నేర్పాడు. కుడి చెయ్యి పైకి, ఎడమ అరచెయ్యి పిడి పక్కన మిగిలిన ఖాళీలోకి, మణికట్టు కొంచెం ముందుకు వంచి, బొటనవేళ్ళు ముందుకు. అన్నీ కుదిరాయి, నా ఎడమ బొటనవేలు తప్ప. అతను మెల్లగా జరిపి చూశాడు. బలం పెట్టలేదు. ఎవరి వేలినైనా అట్లాగే పట్టుకోవాలని అప్పుడు తెలిసింది.

"ఇది పోదు ఉస్తాద్. ఊకోండ్రి" అన్నాడు. "ఆ రోజు చూస్తనే అనుమానమొచ్చింది. మీరు పెద్దోళ్ళని అడగలే. నాది కూడ తప్పే."

కాదని చెప్పాను. ఆ తప్పులో వాటా ఇవ్వడానికి నాకు ఎవరూ మిగల్లేదు.

ఆమెకు నయం కావడానికి చాలాకాలం పట్టింది. ఆ సంవత్సరం వినాయకులన్నీ గల్లీ దాటి వెళ్ళిపోయాయి, చలికాలం వచ్చింది. వేలు వంగుతోందని, అయితే చలికి పట్టేస్తోందని విన్నాను. ఇంటికి మళ్ళీ వెళ్ళే ధైర్యం నాకు రాలేదు. నా రిటైర్మెంటుకు ఇంకా మూడు వారాలుందనగా ఒక ఉదయం ఆమె కోత్ కిటికీ ముందుకు వచ్చి నిలబడింది. ఆ రోజు కాల్చాల్సింది ఆమె ఒక్కతే.

"ఒక పిస్తోలు, పది రౌండ్లు ఉస్తాద్" అంది.

పిస్తోలు తీసి, స్లైడ్ లాగి ఖాళీ అని చూపించి ఇచ్చాను. రిజిస్టర్‌లో సంతకం పెట్టింది. బొటనవేలి మీద మచ్చ తెల్లగా మెరుస్తోంది. ఆమె వెళ్ళలేదు. తుపాకీ ఖాళీనో కాదో పరీక్షించడానికి పక్కనుంచిన ఇసుక పెట్టె వైపు తిరిగి, రెండు చేతులతో పిస్తోలు పట్టుకుని చాచింది. చేతులు సన్నగా వణుకుతున్నాయి. నెత్తురు కారిన రోజు కూడా వణకని చేతులు అవి.

"కొత్త సారు మంచిగ చెప్తడు ఉస్తాద్. మెల్లగ చెప్తడు" అంది, అటే చూస్తూ. "కానీ వెనకనుంచి మీ అరుపు లేకపోతె చెయ్యి నిలుస్తలేదు. ఒక్కసారి అరువుర్రి."

"ఏమని అరవాలె బిడ్డా?"

"ఏది సరైందో గదే."

కిటికీ చువ్వలు పట్టుకున్నాను. ఆరు నెలల పైన మూలపడిన గొంతు. అంతకుముందు ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా ఆ మాటను అది పలకలేదు. కోర్సులో నవ్విపారేసిన మాట అదే.

"రెండు బొటనవేళ్ళూ ముందటికి!"

మధ్యలో గొంతు చీలింది. అయినా పరేడ్ మైదానంలో ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆమె వేళ్ళు పక్కపక్కన సర్దుకుని ముందుకు వాలాయి. చేతులు నిలిచాయి. "ఠీక్ ఉస్తాద్" అని, పిస్తోలు హోల్‌స్టర్‌లో పెట్టుకుని, రౌండ్ల డబ్బా తీసుకుని చాంద్‌మారీ వైపు నడిచింది.

కోత్‌నుంచి చాంద్‌మారీ కనబడదు. మధ్యలో గోడ ఉంది. నేను రిజిస్టర్ మూసి, చెవులు అటు పెట్టి నిలబడ్డాను. చాలాసేపటికి మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోది పేలాక నేను కళ్ళు మూసుకున్నాను.

నాలుగోది వినబడింది.